లంచ్ రైడ్ సరిగ్గా ప్లాన్ చేయడం ఎలా: చోటు ఎంచుకోవడం నుంచి అందరూ ఇల్లు చేరేదాకా

మంచి దారి చూసుకుని బైకుల మీద వెళ్లి, వేరే వైపు నుంచి వచ్చే రైడర్లను మధ్యాహ్నం భోజనానికి కలవాలి, దీన్ని గందరగోళం లేకుండా ఎలా చేయాలి అని చాలామంది అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి ముక్కలు ముక్కలుగా చెప్పే బదులు మొత్తం వరుసగా ఇక్కడే రాస్తున్నాను.

ఒక విషయం ముందే చెప్పాలి. ఇలాంటి రైడ్‌లో నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం రోడ్డు వల్లో బండి వల్లో వచ్చినవి కావు, "ఒంటిగంటకల్లా చేరాలి, వాళ్లు ఎదురుచూస్తుంటారు" అనే టెన్షన్ వల్ల వచ్చినవి. అందుకే కింద రాసిన ప్రతి స్టెప్పూ ఆ తొందరను ముందే తీసేయడానికే.

## 1. ముందు భోజనం చోటు, ఆ తర్వాతే రూటు

చాలామంది ముందు రోడ్డు చూసుకుని, తినేది దారిలో ఎక్కడో దొరుకుతుందిలే అనుకుంటారు. ఇద్దరు ముగ్గురైతే సరిపోతుంది. రెండు మూడు వైపుల నుంచి పదిహేను బైకులు వస్తుంటే మాత్రం చోటు ఖాయం కాకుండా ఏదీ ఖాయం కాదు.

చోటు చూసేటప్పుడు రుచి కంటే ముందు చూడాల్సినవి:

- బండ్లు పెట్టే నేల గట్టిగా, చదునుగా ఉందా? కంకర, మెత్తటి మట్టి, వాలు ఉన్నచోట బండి పడిపోవడం మామూలే.
- కూర్చున్న చోటు నుంచి బండ్లు కనిపిస్తాయా? లగేజీ, హెల్మెట్లు ఉంటాయి కదా.
- పెద్ద రోడ్డు మీద నుంచి లోపలికి తిరిగే మలుపు ఎలా ఉంది? ఎదురు ట్రాఫిక్‌కి అడ్డంగా తిరగాల్సి వస్తే, కొంచెం ముందుకు వెళ్లి సురక్షితంగా తిరిగి వచ్చే చోటు ముందే చూసి పెట్టుకోండి.
- ఆ రోజు సెలవు కాదు కదా? రెండు రోజుల ముందు ఫోన్ చేసి ఎంతమంది వస్తున్నారో, ఎన్నింటికో చెప్పండి.

అందరికీ పంపే మ్యాప్ పిన్ ఊరి పేరు మీద కాకుండా సరిగ్గా గేటు మీద ఉండాలి.

## 2. రూటు గీయడం

మ్యాప్ యాప్ తనంతట తాను చూపించేది తొందరగా చేరే దారి. మనకు కావాల్సింది అది కాదు కాబట్టి, మధ్యలో మూడు నాలుగు పాయింట్లు పెట్టి దారిని మనకు కావాల్సిన రోడ్డు మీదకి లాగాలి. పాయింట్ సరిగ్గా రోడ్డు మీదే ఉందో లేదో జూమ్ చేసి చూడండి, పక్క సందులో పడితే అది మిమ్మల్ని ఆ సందులోకి తీసుకెళ్లి మళ్లీ వెనక్కి తిప్పుతుంది.

తర్వాత శాటిలైట్ వ్యూలో ఒకసారి దారి మొత్తం చూడండి. తారు రోడ్డు ఎక్కడ మట్టి రోడ్డుగా మారుతోందో అందులో చాలావరకు తెలిసిపోతుంది. వీలైతే వారం ముందు ఒకరు వెళ్లి చూసి రావడం అన్నిటికంటే మంచిది, ఎందుకంటే కొత్తగా తవ్విన రోడ్డు ఏ మ్యాప్‌లోనూ కనిపించదు.

ఫోన్ సిగ్నల్ ఉండదనుకునే మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఒక చీటీ మీద జంక్షన్ల పేర్లు, ఏ వైపు తిరగాలో రాసి ట్యాంక్ బ్యాగ్‌లో పెట్టుకుంటే ఫోన్ చచ్చిపోయినా ఆగిపోరు.

## 3. టైం వెనక నుంచి లెక్కేయండి

మలుపుల రోడ్డు మీద, ఆగుతూ చూస్తూ గుంపుగా వెళ్తే గంటకు 40 కిలోమీటర్ల సగటు పడటమే చాలా బాగా వెళ్లినట్టు. హైవే లెక్కలు ఇక్కడ పనికిరావు.

ఉదాహరణకు 120 కిలోమీటర్ల దారి, లంచ్ ఒంటిగంటకి అనుకుందాం:

- చోటుకి చేరాల్సింది: 12:30
- రైడింగ్: 3 గంటలు
- రెండు బ్రేకులు, ఒక్కొక్కటి 20 నిమిషాలు: 40 నిమిషాలు
- పంక్చర్, దారి తప్పడం, గొర్రెల మంద, ఏదైనా కావచ్చు, వాటికోసం: 30 నిమిషాలు

అంటే 8:20కి బండ్లు కదలాలి. కలుసుకునే టైం 8:00 అని చెప్పండి.

ఆ అరగంటను ఎవరు అడిగినా కోసేయకండి. బ్రేకును పది నిమిషాలని కూడా లెక్కేయకండి, ఎనిమిది మంది గ్లవ్స్ తీసి, నీళ్లు తాగి, వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చి మళ్లీ హెల్మెట్లు పెట్టుకునేసరికి ఇరవై నిమిషాలు ఎలా అయిపోతాయో తెలియదు.

ఇంకోటి, అవతలి గ్రూపుతో ముందే ఒక మాట అనుకోండి: "ఒకటింపావుకి కూడా మేం రాకపోతే మీరు తినడం మొదలుపెట్టేయండి." ఈ ఒక్క మాటతో రెండు వైపులా తొందర సగం తగ్గుతుంది.

## 4. పెట్రోలు లెక్క: అందరిలో చిన్న ట్యాంకును బట్టి

మీ బండి ట్యాంకు 15 లీటర్లు కావచ్చు, గ్రూపులో ఒకరిది 10 లీటర్లైతే ప్లాన్ ఆ 10 లీటర్లదే. లీటరుకు 40 ఇస్తుందనుకున్నా ఎత్తెక్కేటప్పుడు, ఎదురుగాలిలో, వెనక మనిషి ఉన్నప్పుడు అంత రాదు. 400 కిలోమీటర్లు వెళ్తుందని లెక్క తేలిన బండికి 250, 270 దగ్గర బంకు ఉండేలా చూసుకోండి.

కలుసుకునే చోటుకి రాకముందే అందరూ ట్యాంకు నింపుకుని రావాలి. కలిశాక "నేను బంకుకి వెళ్లొస్తా" అని ఒక్కరన్నా పావుగంట పోతుంది. తిరుగు ప్రయాణానికి పెట్రోలు ఎక్కడ కొట్టించాలో కూడా ముందే చూసుకోండి, చాలామంది మరిచిపోయేది ఇదే.

## 5. బండి తయారీ: ముందు రోజు సాయంత్రమే

పొద్దున చూద్దాంలే అనుకుంటే, పొద్దున తేలిన లోపం బాగుచేయించడానికి షాపు తెరిచి ఉండదు. అమెరికాలోని మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ దీనికి టీ-క్లాక్స్ అని ఒక చెక్‌లిస్టు నేర్పిస్తుంది: టైర్లు, చక్రాలు, లీవర్లు, కేబుళ్లు, లైట్లు, ఆయిలు, ఇతర ద్రవాలు, చాసిస్, స్టాండ్లు. ఆ వరుసలో చూస్తే ఏదీ మిస్సవదు. నేను ఎక్కువ టైం పెట్టేవి మూడు.

టైర్లు. గాలి టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి, అంటే బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక. నడిపి వచ్చాక చూస్తే వేడికి రీడింగ్ ఎక్కువ చూపిస్తుంది, అది చూసి గాలి తీసేస్తే మర్నాడు తక్కువ గాలితో వెళ్తారు. ఎంత ఉండాలనేది బండి మాన్యువల్‌లోనో బండి మీది స్టిక్కర్‌లోనో ఉంటుంది. టైరు పక్క గోడ మీద రాసిన అంకె గరిష్ఠ పరిమితి, అది కొట్టించేది కాదు.

టైరు మీద డీఓటీ అనే అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు చూడండి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారం తయారైందని అర్థం. టైరు మీది గాట్లు (ట్రెడ్) అరగకుండా బాగానే ఉన్నా రబ్బరు గట్టిపడి సన్నటి పగుళ్లు కనిపిస్తుంటే మలుపుల రోడ్డుకి ఆ టైరుతో వెళ్లకండి.

చైన్. రెండు స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ల చక్రాల) మధ్య, కింది వరుసలో సగం దూరంలో వేలితో పైకి నొక్కి కిందికి లాగి చూడండి. చాలా బండ్లకి 20 నుంచి 35 మిల్లీమీటర్ల ఆట ఉండాలి, మీ బండికి ఎంతో మాన్యువల్‌లో ఉంటుంది. ఒక్కచోట చూసి వదిలేయకండి. చక్రాన్ని కొంచెం తిప్పి, మళ్లీ చూసి, అలా మూడు నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే పాత చైన్ ఒకచోట వదులుగా, ఇంకోచోట బిగుతుగా ఉంటుంది. బిగుతుగా ఉన్నచోట కొలిచిందే లెక్క. చక్రం తిప్పేటప్పుడు ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి, చెయ్యి చైన్‌కీ స్ప్రాకెట్‌కీ మధ్యకి పోకూడదు.

చైన్ లూబ్ సాయంత్రం బండి నడిపి వచ్చాక కొట్టండి. వెచ్చగా ఉన్న చైన్‌లోకి అది బాగా దిగుతుంది, రాత్రంతా ఆరుతుంది. బయలుదేరే ముందు కొడితే ఎగిరి వెనక టైరు మీద పడుతుంది.

బ్రేకులు. ప్యాడ్ల మీద అరుగుదల తెలిపే గాడి ఇంకా కనిపిస్తోందా, లీవర్ గట్టిగా ఉందా, పట్టుకుంటే మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేస్తోందా? మెత్తగా ఉంటే అలా వెళ్లకండి, ముందు మెకానిక్‌కి చూపించండి.

మిగతావి త్వరగా: ఇంజిన్ ఆయిల్ లెవెల్, హెడ్‌లైట్, రెండు బ్రేకులకీ వెనక లైటు వెలుగుతోందా, ఇండికేటర్లు, హారన్, అద్దాల నట్లు, సైడ్ స్టాండ్ స్ప్రింగ్.

## 6. ఒంటి మీద, బ్యాగులో

హెల్మెట్, జాకెట్, గ్లవ్స్, చీలమండ కప్పే బూట్లు, గట్టి ప్యాంటు. లంచ్‌కే కదా అని ఇవి తగ్గించకండి.

కొండ ఎక్కే దారైతే చలి లెక్క కూడా వేయండి. సగటున ప్రతి వెయ్యి మీటర్ల ఎత్తుకి సుమారు 6.5 డిగ్రీలు తగ్గుతుంది, దానికి గాలి తోడైతే ఒంటికి ఇంకా చలిగా తెలుస్తుంది. చేతులు కొంకర్లు పోతే క్లచ్, బ్రేక్ మీద అదుపు తగ్గిపోతుంది, కాబట్టి పలచటి లోపలి పొర ఒకటి పెట్టుకోండి.

బ్యాగు చెక్‌లిస్టు:

- లైసెన్స్, బండి కాగితాలు, కొంచెం నగదు
- నీళ్లు, కనీసం ఒక లీటరు
- పంక్చర్ కిట్, చిన్న పంపు (ట్యూబ్ టైరైతే స్పేర్ ట్యూబ్, టైరు లీవర్లు)
- బండితో వచ్చిన టూల్ కిట్, నాలుగు జిప్ టైలు, ఒక చుట్ట టేపు
- ఫస్ట్ ఎయిడ్ కిట్
- రెయిన్ కోటు, ఫోన్‌కి వాటర్‌ప్రూఫ్ కవరు
- పవర్ బ్యాంక్
- హెల్మెట్ ముందు అద్దం (వైజర్) తుడవడానికి తడి గుడ్డ
- ఒక చీటీ: మీ పేరు, బ్లడ్ గ్రూప్, అలర్జీలు, ఇంట్లో ఒకరి నంబరు. జాకెట్ లోపలి జేబులో. ఫోన్ లాక్‌లో ఉంటే సాయం చేసేవాళ్లకి ఈ చీటీయే ఆధారం.

## 7. బయలుదేరే ముందు పది నిమిషాలు

అందరూ హెల్మెట్లు తీసి నిలబడి వినాలి, బండి మీద కూర్చుని వినేవాళ్లకి సగమే ఎక్కుతుంది.

చెప్పాల్సినవి: దారి, ఆగే చోట్లు, లంచ్ చోటు, ఎవరు లీడర్, అందరికంటే వెనక ఎవరు (స్వీప్ అంటారు), విడిపోతే ఎక్కడ కలవాలి. స్వీప్‌గా అనుభవం ఉన్నవాళ్లనే పెట్టండి, పంక్చర్ కిట్ వాళ్ల దగ్గరే ఉండాలి. కొత్తవాళ్లు లీడర్ వెనకాలే ఉండాలి. వెనక ఉండేవాళ్లకి ప్రతి మలుపు తర్వాతా గ్యాప్ పెరుగుతుంది, దాన్ని పూడ్చడానికి ముందువాళ్ల కంటే స్పీడుగా వెళ్లాల్సి వస్తుంది, కొత్తవాళ్లు పడిపోయేది ఎక్కువగా అక్కడే.

ఒక గ్రూపులో ఐదు నుంచి ఏడు బండ్లు చాలు, మోటార్‌సైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ చెప్పేదీ అంతే. పది పన్నెండు ఉంటే రెండుగా విడగొట్టి పది నిమిషాల తేడాతో పంపండి, ఒక్కో గ్రూపుకి దారి తెలిసిన లీడర్, ఒక స్వీప్ ఉండాలి.

చేతి సైగలు ఒకసారి అందరికీ చూపించండి. చేత్తో చేసేవన్నీ ఎడమ చేత్తోనే, కుడిచెయ్యి యాక్సిలరేటర్ వదలకూడదు:

- ఒక వేలు పైకి: ఒకరి వెనక ఒకరు
- రెండు వేళ్లు పైకి: అటూ ఇటూగా, రెండు వరుసల్లో
- అరచెయ్యి కిందికి పెట్టి పైకీ కిందికీ: స్లో
- కాలు చాపి చూపించడం: ఆ వైపు గుంత లేదా కంకర
- ట్యాంకు వైపు వేలు చూపించడం: పెట్రోలు కావాలి

## 8. రోడ్డు మీద వరుస, దూరం

మలుపులు లేని తిన్నటి రోడ్డు మీద అటూ ఇటూగా వెళ్లాలి. లీడర్ మన లేన్‌లో సెంటర్ లైన్ వైపు, రెండో బండి రోడ్డు అంచు వైపు ఒక సెకను వెనక, మూడోది మళ్లీ లీడర్‌కి నేరుగా రెండు సెకన్లు వెనక. రెండు సెకన్లంటే గంటకు 60 కిలోమీటర్ల స్పీడులో దాదాపు 33 మీటర్లు. ముందు బండి ఒక స్తంభం దాటినప్పుడు లెక్క మొదలుపెట్టి, మీరు అదే స్తంభం దాటేసరికి ఎంతయిందో చూసుకోండి. వానలో దీన్ని రెట్టింపు చేయండి.

మలుపులు మొదలవగానే, రోడ్డు ఇరుకవగానే ఒకే వరుస, దూరం ఇంకా పెంచాలి. పక్కపక్కన మాత్రం ఎప్పుడూ వెళ్లకండి, ముందు గుంత కనిపిస్తే పక్కకి తప్పించుకునే చోటే ఉండదు.

ఓవర్‌టేక్ ఒక్కొక్కరుగా చేయాలి. ముందు బండి దాటేసింది కదా అని వెనకే వెళ్లిపోకండి, ఖాళీ ఉందో లేదో ఎవరిది వాళ్లే చూసుకోవాలి.

## 9. జంక్షన్ దగ్గర ఎవరూ తప్పిపోకుండా

నేను మొదటిసారి తొమ్మిది బండ్లను నడిపించినప్పుడు, వెనకబడిన ఒక కొత్త కుర్రాడు ఎడమకి తిరగాల్సిన జంక్షన్‌లో నేరుగా వెళ్లిపోయాడు. అప్పుడు మాకు స్వీప్ లేరు. మేం భోజనానికి కూర్చున్నాక గానీ ఒక కుర్చీ ఖాళీగా ఉందని తెలియలేదు. అక్కడ ఫోన్ సిగ్నల్ లేదు. వెనక్కి వెళ్లి చూస్తే, దారి తప్పానని గ్రహించి ఆ జంక్షన్‌కే తిరిగొచ్చి, హెల్మెట్ ఒళ్లో పెట్టుకుని రోడ్డు పక్క రాయి మీద కూర్చుని ఉన్నాడు, నీళ్లు కూడా అయిపోయాయి. ఆ మొహం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఆ తర్వాత నుంచి ఈ పద్ధతి లేకుండా ఏ రైడూ తీయలేదు:

1. జంక్షన్ రాగానే లీడర్ తన వెనక రెండో రైడర్‌కి, ఎక్కడ ఆగాలో వేలితో చూపిస్తాడు.
2. ఆ రైడర్ అందరికీ కనిపించేలా, ట్రాఫిక్‌కి అడ్డం కాకుండా ఆగి, వచ్చే ప్రతి బండికీ ఏ వైపు తిరగాలో చూపిస్తాడు.
3. స్వీప్ వచ్చేదాకా అక్కడ నుంచి కదలకూడదు.
4. స్వీప్ కనిపించాక, స్వీప్‌కి ముందు మళ్లీ గ్రూపులో కలుస్తాడు. ఇప్పుడు లీడర్ వెనక ఇంకొకరు రెండో రైడర్.

దీనివల్ల ముందు బండి కనిపించకపోయినా ఎవరూ కంగారు పడరు. తిరగాల్సిన ప్రతిచోటా మనిషి ఉంటాడు, మనిషి లేకపోతే నేరుగా వెళ్లడమే. పట్టుకోవాలని ఎవరూ స్పీడు పెంచరు. కొత్తవాళ్లు లీడర్ వెనక ఉంటారు కాబట్టి మొదటి జంక్షన్‌లో ఆగే పని వాళ్లకే పడుతుంది, అందుకే బయలుదేరే ముందు ఒకసారి ఎలా నిలబడాలో చేసి చూపించండి.

మూడో నియమం దగ్గరే ఎక్కువమంది తప్పు చేస్తారు. పది నిమిషాలు ఎవరూ రాకపోతే "అందరూ వెళ్లిపోయారేమో" అని కదిలిపోతారు. ఎవరూ రావట్లేదంటే వెనక ఏదో జరిగింది, అందుకే ఉండాలి.

## 10. మలుపులు, ఘాట్ రోడ్డు

స్పీడు మలుపుకి ముందే, బండి నిటారుగా ఉన్నప్పుడే తగ్గించాలి, గేరు కూడా అప్పుడే. మలుపులోకి దిగాక యాక్సిలరేటర్ మెల్లగా, సమంగా ఇస్తూ పోతే బండి స్థిరంగా ఉంటుంది.

చూపు మలుపు చివరికి పెట్టండి, బండి మనం చూసిన వైపే పోతుంది. అంచున ఉన్న కంకరనో గోడనో భయంతో చూస్తూ ఉంటే దాని మీదకే వెళ్తాం.

సెంటర్ లైన్ వైపు వంగే మలుపులో చాలామంది గమనించని విషయం ఒకటుంది. టైర్లు మన లేన్‌లోనే ఉంటాయి, కానీ బండి ఒరిగినప్పుడు మన తల, హ్యాండిల్ చివర గీత దాటి ఎదురు లేన్‌లోకి వెళ్తాయి. ఎదురుగా బస్సు వస్తే తెలుస్తుంది. గీతకి కనీసం ఒక మీటరు ఎడంగా ఉండండి.

దిగేటప్పుడు ఎక్కడానికి ఏ గేరు వాడతామో అదే గేరు. న్యూట్రల్‌లో వదిలేయడం, బ్రేకు మీద కాలు వేసే దిగడం రెండూ వద్దు, బ్రేకులు వేడెక్కి పట్టు తగ్గిపోతుంది. ఇంజిన్ పట్టి ఉంచుతుంటే, అవసరమైనప్పుడు రెండు బ్రేకులూ కొద్దికొద్దిగా వేసి వదలండి.

చెట్ల నీడ పడే మలుపుల్లో తడి, ఆకులు ఉంటాయి. ఎండలో నుంచి నీడలోకి వెళ్లిన మొదటి క్షణం కళ్లకి ఏమీ కనిపించదు, అక్కడ ఇంకొంచెం తగ్గించండి.

## 11. ఆగడం, ఫొటోలు

వ్యూ బాగుందని మలుపులో ఆగకండి. రెండు వైపులా దూరం నుంచి కనిపించే చోట, బండ్లన్నీ తారు దిగి పూర్తిగా పక్కన పట్టే చోట మాత్రమే ఆగాలి. ఆ చోట్లు రూటు చూసుకునేటప్పుడే రెండు గుర్తు పెట్టుకుంటే, దారిలో ఎవరో ఒకరు ఉన్నట్టుండి బ్రేకు వేసే అవసరం రాదు.

వాలులో బండి మొహం ఎత్తు వైపు ఉంచి, ఫస్ట్ గేరులో వదలండి. నేల మెత్తగా ఉంటే సైడ్ స్టాండ్ కింద పలకరాయి పెట్టండి. ఎండకి కాగిన తారులో కూడా స్టాండ్ దిగబడుతుంది.

## 12. దారిలో ఇలా జరిగితే

- ఒకరి బండి ఆగిపోయింది: స్వీప్ ఆగుతారు, మిగతావాళ్లు తర్వాతి జంక్షన్ దాకా వెళ్లి సురక్షితమైన చోట ఆగాలి. ఎనిమిది మందీ రోడ్డు పక్కన గుమిగూడితే ఇంకో ప్రమాదానికి దారి తీస్తుంది.
- ఆలస్యమైంది: బ్రేకులో కబుర్లు తగ్గించండి లేదా దగ్గర దారికి మారండి. స్పీడు మాత్రం పెంచకండి. అవతలి గ్రూపుకి ఆగినప్పుడు ఒక మెసేజ్ పెడితే చాలు.
- వాన మొదలైంది: తడవకముందే ఆగి రెయిన్ కోటు వేసుకోండి. వాన పడ్డ మొదటి నిమిషాల్లో రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి బాగా జారుతుంది.
- ఎవరైనా పడ్డారు: ముందు ట్రాఫిక్ ఆపే మనిషిని రెండు వైపులా పెట్టండి, ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేయండి (చాలా దేశాల్లో మొబైల్ నుంచి 112 పనిచేస్తుంది). ఊపిరి ఆడుతుంటే, స్పృహలో ఉంటే హెల్మెట్ లాగకండి, మెడ కదపకండి.

## 13. లంచ్ దగ్గర

ముందు వచ్చిన గ్రూపు బండ్లను వరుసగా, తర్వాత వచ్చేవాళ్లకి చోటు వదిలి పెట్టాలి. బిల్లు ఎవరిది వాళ్లా, ఒకరు కట్టి తర్వాత పంచుకోవడమా అనేది ఆర్డర్ ఇచ్చే ముందే తేల్చేయండి.

ఒక గ్రూపువాళ్లు ఒకే బల్ల దగ్గర గుంపుగా కూర్చోకుండా అవతలి గ్రూపుతో కలిసి కూర్చోండి, కలవడానికేగా ఇంతదూరం వచ్చింది. ఒంటరిగా వచ్చిన రైడర్ ఉంటే పిలిచి పక్కన కూర్చోబెట్టుకోండి, మొదటిసారి వచ్చినవాళ్లు వాళ్లంతట వాళ్లు మాట కలపలేరు.

మందు వద్దు, ఒక్క గ్లాసు కూడా. కడుపు బిగిసేలా తినకండి.

## 14. తిరుగు ప్రయాణం

నేను పొద్దుటి కంటే దీనికే ఎక్కువ భయపడతాను. మధ్యాహ్నం వేళ శరీరం సహజంగానే మగతగా ఉంటుంది, దానికి భోజనం, ఎండ, పొద్దున్నే లేచిన అలసట తోడవుతాయి. గంటకు 60లో మూడు సెకన్లు కళ్లు మూతపడితే బండి 50 మీటర్లు పోతుంది.

తినగానే లేవకుండా అరగంట, ముప్పావుగంట కూర్చోండి. పొద్దున లంచ్‌కి వచ్చేటప్పుడు గంటన్నరకి ఆగితే, ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు గంటకే ఆగండి. ఆవలింతలు, మలుపుల్లో లైన్ తప్పడం, గత రెండు కిలోమీటర్లు ఎలా వచ్చామో గుర్తులేకపోవడం, వీటిలో ఏది వచ్చినా వెంటనే ఆగి ఇరవై నిమిషాలు కళ్లు మూసుకోవాలి. వైజర్ ఎత్తి గాలి తగిలించుకుంటే నిద్రమత్తు పోదు.

బయలుదేరే ముందు చూసుకోవాల్సినవి:

- చీకటి పడేలోపు కొండ దిగిపోయేలా టైం ఉందా?
- పెట్రోలు?
- టైర్లలో మేకు గానీ, గాలి తగ్గినట్టు గానీ కనిపిస్తోందా?
- వైజర్ తుడిచారా? సాయంత్రం ఎదురెండలో మరకల వైజర్‌తో రోడ్డు కనిపించదు.
- ఎవరు ఎక్కడ విడిపోతారో స్వీప్‌కి తెలుసా?

దారిలో విడిపోయేవాళ్లు ఆగి, చెప్పి వెళ్లాలి, చెయ్యి ఊపేసి పక్క రోడ్డెక్కేయకూడదు. ఇల్లు చేరిన ప్రతి ఒక్కరూ గ్రూపులో "చేరాను" అని ఒక్క మాట పెట్టాలి. స్వీప్ దగ్గర పేర్ల లిస్టు ఉండాలి, అందులో ఆఖరి పేరు దాకా టిక్ పడేవరకూ ఫోన్ సైలెంట్‌లో పెట్టకూడదు, మెసేజ్ రానివాళ్లకి తనే ఫోన్ చేయాలి.